తల్లిదండ్రుల వీసాలు: ధర ఎంత, దక్కేది ఎంత? నల్లగొండ నుంచి ఒక సమీక్ష

ఏ సరుకు కొన్నా దాని ధర ఎంతో, ఎప్పటికి చేతికి వస్తుందో, రాకపోతే డబ్బు వాపసు ఉంటుందో లేదో అడిగి తెలుసుకోవడం కొనేవాడి హక్కు. విదేశాలలో స్థిరపడిన పిల్లల దగ్గరికి వెళ్లడానికి మన ప్రాంతపు తల్లిదండ్రులు వేలు, లక్షలు పోసి తెచ్చుకునే వీసాల దగ్గర మాత్రం ఈ ప్రశ్నలు అడిగేవారు అరుదు. వస్తే అదృష్టమనీ, రాకపోతే గ్రహచారమనీ సరిపెట్టుకుంటాము. ప్రభుత్వం ఇచ్చే అనుమతిని దుకాణంలోని వస్తువులాగా తూకం వేయడం తగదని కొందరు అనవచ్చు గానీ, రుసుము ముందే వసూలు చేసి, తిరస్కరిస్తే పైసా తిరిగి ఇవ్వబోమని షరతు రాసుకున్న సేవ ఏదైనా సమీక్షకు లోబడేదేనని నా అభిప్రాయం.

నేను నల్లగొండలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు కామర్స్ బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మా బిడ్డ మెల్‌బోర్న్‌లో, కొడుకు హైదరాబాదులో ఉంటారు. నా దగ్గర చదువుకున్నవారిలో చాలామంది ఇప్పుడు డాలస్‌లోనో, టొరంటోలోనో ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి, వారి తల్లిదండ్రులు ఫారాలు చూపించుకోవడానికి మా ఇంటికి వస్తుంటారు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో నిలదొక్కుకున్న మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల నుంచీ, కాలువ చేరని మెట్ట మండలాల నుంచి అప్పులు చేసీ పిల్లలను ఎం.ఎస్. చదువులకు పంపిన తరం ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లకు చేరింది. పంపేనాడు కోర్సు ఫీజు లెక్క వేశారు, విమానం టికెట్ లెక్క వేశారు. ముసలితనంలో తాము అక్కడికి వెళ్లాలంటే ఎంత అవుతుందన్న లెక్క ఎవరూ వేయలేదు. ఆ లెక్కనే ఇక్కడ వేస్తున్నాను. ఇందులో చెప్పిన రుసుములు 2025 నాటివి.

ముందుగా ఆస్ట్రేలియా. ధరలోనూ గడువులోనూ దీనిని మించినది నేను చూడలేదు. అక్కడ తల్లిదండ్రులకు శాశ్వత నివాసం ఇచ్చే దారులు ముఖ్యంగా రెండు. 143వ నంబరు కాంట్రిబ్యూటరీ వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు దాదాపు 5,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, మంజూరుకు ముందు రెండో విడతగా 43,600 డాలర్లు కట్టాలి. అంటే మనిషికి 48,000 డాలర్లకు పైమాటే; భార్యాభర్తలిద్దరికీ కలిపితే మన డబ్బులో అరకోటి దాటుతుంది. రెండోది 103వ నంబరు సాధారణ వీసా. దీనికి మనిషికి 7,000 డాలర్ల ప్రాంతంలో అవుతుంది. మొదటిదానితో పోలిస్తే చాలా చవక అనిపిస్తుంది. అయితే కొత్తగా దరఖాస్తు చేసేవారు 103వ వీసాకు 30 ఏళ్లకు పైగా, 143వ వీసాకు పన్నెండేళ్లు దాటి వేచి ఉండవలసి రావచ్చని ఆ దేశపు హోం వ్యవహారాల శాఖే ప్రకటించింది.

సాధారణంగా తల్లిదండ్రులు ఈ దరఖాస్తు పెట్టే వయసు అరవై, అరవై రెండు. ముప్పై ఏళ్ల తరువాత ఇస్తామని చెప్పి అరవై రెండేళ్ల మనిషి నుంచి ఈ రోజే డబ్బు తీసుకోవడాన్ని కామర్స్ భాషలో ఏమనాలో నాకు తోచలేదు. బట్వాడా చేయలేమని అమ్మేవాడికి ముందే తెలిసిన సరుకును అమ్మకానికి పెట్టడం చిట్‌ఫండ్ కంపెనీ చేస్తే మన జిల్లాలో పోలీసు కేసు అవుతుంది. ఇది నా ఒక్కడి కోపం కాదు. ఆస్ట్రేలియా ప్రభుత్వమే నియమించగా, మార్టిన్ పార్కిన్‌సన్ నాయకత్వంలో ఆ దేశపు వలస వ్యవస్థను పరిశీలించి 2023లో నివేదిక ఇచ్చిన బృందం కూడా, బహుశా ఎన్నటికీ రాని వీసాకు దరఖాస్తు చేసుకోనివ్వడం క్రూరమూ అనవసరమూ అన్న అర్థంలోనే రాసింది. నివేదిక వచ్చిన తరువాత కూడా దరఖాస్తులు తీసుకుంటూనే ఉన్నారు, రుసుము ఏటా జూలై 1న పెంచుతూనే ఉన్నారు.

ఇంత ఆలస్యానికి కారణం అధికారుల సోమరితనం కాదు. సంవత్సరానికి ఎందరు తల్లిదండ్రులకు వీసాలు ఇవ్వాలో అక్కడి ప్రభుత్వం ముందే అంకె కట్టి పెట్టుకుంటుంది. 2022–23లో ఆ అంకెను 4,500 నుంచి 8,500కు పెంచారు. అందులో 6,800 కాంట్రిబ్యూటరీ వారికి, మిగిలిన 1,700 సాధారణ వరుసలోని వారికి. వరుసలో నిలబడినవారు లక్షకు పైగా ఉన్నారు. ఏటా కొత్తగా చేరేవారు ఉండనే ఉన్నారు. ఇక ఆ వరుస ఎట్లా తరుగుతుంది? పైగా ఆ 8,500లో ఐదింట నాలుగు వంతులు ఎక్కువ డబ్బు కట్టగలవారికే కేటాయించారంటే, ఒకే బంధానికి, ఒకే అవసరానికి రెండు ద్వారాలు పెట్టి ఒకదానికి మాత్రమే తలుపు బిగించినట్టు.

అవతలి వాదనను కూడా చెప్పకపోతే సమీక్ష ఏకపక్షం అవుతుంది. ఆర్థిక విషయాలలో ఆ దేశపు ప్రభుత్వానికి సలహా ఇచ్చే ప్రొడక్టివిటీ కమిషన్ 2016లో ఇచ్చిన నివేదికలో, వలస వచ్చిన ఒక్కొక్క తల్లి లేదా తండ్రి మీద వారి జీవితకాలంలో ప్రభుత్వానికి నికరంగా 3,35,000 నుంచి 4,10,000 డాలర్ల దాకా భారం పడుతుందని అంచనా వేసింది. వైద్యం, వృద్ధుల సంరక్షణ, పింఛను అన్నీ కలిపిన లెక్క అది. ఆ లెక్క ప్రకారం 43,600 డాలర్ల రెండో విడత అసలు ఖర్చులో ఎనిమిదో వంతు మాత్రమే. అక్కడ పన్ను కట్టే మనిషికి ఈ వాదన న్యాయంగానే తోస్తుంది, నేను దానిని కొట్టిపారేయను. అయితే ఆ పన్ను కట్టేవారిలో మా బిడ్డా ఉంది, అల్లుడూ ఉన్నాడు. వారి చదువుకు ఆస్ట్రేలియా ఖజానా పెట్టిన ఖర్చు ఏమీ లేదు; బడి నుంచి బి.టెక్. దాకా చదివించినది ఇక్కడి ఇంటి ఖర్చు, ఇక్కడి ప్రభుత్వ ఖర్చు. సిద్ధంగా తయారైన ఇంజినీరును తీసుకునేటప్పుడు లేని జమాఖర్చులు అతని తల్లి వచ్చేటప్పుడు మాత్రమే ఎందుకు తెరుస్తారన్నది నా అభ్యంతరం. మనుమలను సాకడానికి వెళ్లిన అమ్మమ్మ వల్ల మా బిడ్డ ఎన్ని నెలలు ముందుగా ఉద్యోగానికి వెళ్లగలిగిందో, అక్కడి శిశు సంరక్షణ కేంద్రాలకు ఎంత తక్కువ కట్టిందో కూడా ఆ పద్దులో జమ వైపు రాయాలి కదా.

ధర కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది అక్కడి కుటుంబ సమతుల్య పరీక్ష. తల్లిదండ్రులకు ఉన్న పిల్లలలో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో స్థిరంగా ఉండాలి, లేదా మరే ఒక్క దేశంలో కన్నా ఆస్ట్రేలియాలో ఎక్కువ మంది ఉండాలి. మాకు ఇద్దరే పిల్లలు, ఒకరు అక్కడ ఉన్నారు కాబట్టి సగం లెక్క కుదురుతుంది. మా వీధిలో ఉండే ఒక దంపతులకు ముగ్గురు. పెద్దకొడుకు అమెరికాలో, బిడ్డ నల్లగొండలో, చిన్నకొడుకు సిడ్నీలో. మూడు దేశాలలో ఒక్కొక్కరు చొప్పున ఉన్నందువల్ల వారికి ఎంత డబ్బున్నా ఈ వీసాకు అర్హత లేదు. ఆ పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, "సారూ, బిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోయింది గదా, ఆమెను గూడ మా లెక్కల్నే రాస్తరా?" అని అడిగాడు. రాస్తారు. ఒక్క ఆ అంశంలో మాత్రం వారి నియమమే మన ఆలోచన కన్నా మేలైనది. తల్లిదండ్రుల బాధ్యత కొడుకులదే అనుకునే మనం, అవసరం వచ్చినప్పుడు చూసుకునేది దగ్గరలో ఉన్న బిడ్డే అన్న సంగతిని కాగితం మీద ఒప్పుకోము. కానీ ముగ్గురు పిల్లలు మూడు దేశాలకు వెళ్లినందుకు తల్లిదండ్రులు ఏ దేశానికీ చెందకుండా పోవడం ఏ సమతుల్యమో నాకు బోధపడలేదు.

దీనికి తోడు మరో రెండు షరతులు. 143వ వీసా ఇచ్చిన తరువాత పదేళ్ల పాటు తల్లిదండ్రులు ప్రభుత్వ సాయం తీసుకుంటే తిరిగి చెల్లిస్తామని హామీదారు పూచీ రాయాలి, దానికి మొదటి వ్యక్తి పేర 10,000, రెండో వ్యక్తి పేర 4,000 డాలర్లు బ్యాంకు గ్యారంటీగా పెట్టాలి. అది తిరిగి వచ్చే డబ్బే కాబట్టి దాని గురించి పేచీ లేదు. అసలు గండం వైద్య పరీక్ష. మంజూరు వేళకు ఆరోగ్యం ప్రమాణాలకు సరిపోవాలి. అంటే అరవై రెండేళ్లకు దరఖాస్తు పెట్టి, డెబ్బై అయిదు దాటాక, కిడ్నీలు, గుండె అప్పటికి ఏ స్థితిలో ఉన్నాయో వాటితో పరీక్షకు నిలబడాలి. ఆలస్యం చేసినది వారు, ఆలస్యంలో వచ్చిన జబ్బుకు బాధ్యత మనది. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి మోకాళ్లు, వెన్నుపూస అరవై నాటికే ఎట్లా ఉంటాయో మన జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. వందకు మార్కులు వేయమంటే 143వ వీసాకు ముప్పై వేస్తాను. 103వ వీసాకు సున్నా తప్ప మరొకటి వేయలేను.

అదే దేశం 2019లో ప్రవేశపెట్టిన 870వ నంబరు తాత్కాలిక వీసా మాత్రం నిజాయితీ గల సరుకు. మూడేళ్లకు 6,000 డాలర్ల దరిదాపు, అయిదేళ్లకు 12,000 డాలర్ల దరిదాపు కట్టాలి. మొత్తం మీద పదేళ్ల దాకా ఉండవచ్చు. కుటుంబ సమతుల్య పరీక్ష లేదు. ఉద్యోగం చేయరాదు, అక్కడి ప్రభుత్వ వైద్య పథకం వర్తించదు, ఆరోగ్య బీమా సొంతంగా కొనుక్కోవాలి, ఎంతకాలం ఉన్నా శాశ్వత నివాసానికి దారి తీయదు. ఇవన్నీ ముందే చెప్తారు. ధర ఎక్కువే, అయినా కొన్నది చేతికి వస్తుంది. మేము మాత్రం అది కూడా కొనలేదు. 200 డాలర్ల ప్రాంతంలో ఉన్న సందర్శకుల వీసా మీద వెళ్లి వస్తున్నాము. పొలం కౌలుకు ఇచ్చి ఏళ్ల తరబడి వెళ్లిపోవడం మా ఆవిడకు ఇష్టం లేదు, నాకు అంతకన్నా లేదు. ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ, మిగిలినవి ఇక్కడ గడపదలచినవారికి ఇంతకు మించినది అవసరం లేదని నా లెక్క.

బ్రిటన్ గురించి ఎక్కువ రాయవలసిన పని లేదు, అక్కడ రాయడానికి మిగిలినది తక్కువ. 2012 జూలైలో నియమాలు మార్చిన తరువాత, తల్లి లేదా తండ్రి వృద్ధాప్యం, జబ్బు, వైకల్యం కారణంగా రోజువారీ పనులకు ఇంకొకరి మీద ఆధారపడే స్థితిలో ఉండాలి. ఆ సంరక్షణ స్వదేశంలో డబ్బు పెట్టినా దొరకదని నిరూపించాలి. కొడుకు అక్కడ డాక్టరుగా సంపాదిస్తున్నాడంటే ఇక్కడ మనిషిని పెట్టి చూపించగలడు కాబట్టి వీసా రాదు. సంపాదించకపోతే పోషించలేడు కాబట్టి రాదు. 2017లో అక్కడి అప్పీలు కోర్టు కూడా ఈ నియమాలు చెల్లుతాయనే చెప్పింది. రుసుము 3,413 పౌండ్లు, అంటే నాలుగు లక్షల రూపాయల దరిదాపు; తిరస్కరించినా వాపసు రాదు. లేవలేని స్థితి వచ్చేదాకా ఆగి, ఆ స్థితిలో విమానం ఎక్కమనే నియమాన్ని రాసినవారి ఇంట్లో ముసలివారు ఉన్నారో లేరో. లండన్, మాంచెస్టర్ వైపు పిల్లలున్న నా మిత్రులకు సందర్శకుల వీసాతో తృప్తి పడమనే చెప్తున్నాను.

కెనడా దగ్గరికి వస్తే నా కలం కొంత మెత్తబడుతుంది. 2011 డిసెంబరులో మొదలైన సూపర్ వీసా పదేళ్ల దాకా చెల్లుతుంది. 2022 జూలై నుంచి ఒక్కసారి వెళ్తే అయిదేళ్ల వరకు ఉండనిస్తున్నారు. అంతకు ముందు అది రెండేళ్లు. ప్రభుత్వ రుసుము 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు మరో 85. కోటా లేదు, లాటరీ లేదు, పిల్లలు ఎందరు ఎక్కడ ఉన్నారన్న లెక్క లేదు. పిలిచే కొడుకు లేదా బిడ్డ ఆదాయం కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి నిర్ణయించిన కనీస స్థాయికి చేరితే చాలు. అసలు ధర బీమాలో ఉంది. కనీసం 1,00,000 కెనడా డాలర్ల వైద్య ఖర్చు భరించే పాలసీని ఏడాదికి తీసుకోవాలి. షుగరు, బీపీ లేని అరవై అయిదేళ్ల మనిషిని మా వీధిలో వెతికి పట్టుకోవడం కష్టం. ముందే ఉన్న జబ్బులకు కూడా వర్తించే పాలసీ కావాలంటే ప్రీమియం వయసుతో పాటు నిచ్చెన ఎక్కుతుంది. చవక పాలసీ కొనిపించి వీసా ముద్ర పడగానే పని అయిపోయిందనుకునే పిల్లలకు నేను చెప్పేది ఒకటే, పాలసీలో ముందున్న జబ్బుల గురించి ఉన్న పేరా చదవకుండా సంతకం చేయవద్దు. 2025 జనవరి నుంచి కెనడా నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న విదేశీ బీమా కంపెనీల పాలసీలు కూడా ఒప్పుకుంటున్నారు, పోటీ పెరిగితే ధర దిగవచ్చు.

అదే కెనడాలో శాశ్వత నివాసపు పథకం మాత్రం పూర్తిగా లాటరీ. పిల్లలు 2020లో తమ ఆసక్తిని తెలుపుతూ నమోదు చేసుకున్నారు. 2021 నుంచి 2025 దాకా పంపిన ఆహ్వానాలన్నీ ఆ ఒక్క జాబితా నుంచే తీశారు. 2025లో 17,860 మందికి ఆహ్వానాలు పంపి 10,000 దరఖాస్తుల దాకా తీసుకుంటామన్నారు. 2021లో స్థిరపడిన కుర్రవాడికి ఆ డబ్బాలో చీటీ వేసే అవకాశమే రాలేదు. చీటీ తీయడం న్యాయమా అన్న చర్చ తరువాత, ముందు చీటీ వేయనివ్వాలి కదా. ఎన్నికైనవారు కూడా మూడేళ్ల ఆదాయం చూపించి, ఇరవై ఏళ్ల పాటు తల్లిదండ్రుల పోషణ భారం తమదేనని రాసి ఇవ్వాలి. క్యూబెక్‌లో అది పదేళ్లు.

అమెరికా మన జిల్లాకు అన్నిటికన్నా దగ్గరి దూరదేశం. సందర్శకుల వీసా రుసుము 2023 జూన్ నుంచి 185 డాలర్లు. వస్తే సాధారణంగా పదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ ఆరు నెలల వరకు ఉండనిస్తారు. కెనడా తప్పనిసరి చేసిన బీమా ఖర్చును కూడా లెక్కలోకి తీసుకుని పదేళ్లకు పంచి చూస్తే ఇంత చవకైన వీసా ఈ సమీక్షలో మరొకటి లేదు. కానీ ఆ 185 డాలర్లతో మనం కొనేది వీసాను కాదు, అధికారి ముందు కొన్ని నిమిషాలు నిలబడే అవకాశాన్ని. అక్కడి చట్టంలోని 214బి సెక్షన్ ప్రకారం, వచ్చే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో వస్తున్నట్టు అధికారి అనుకోవాలి, కాదని నిరూపించుకోవలసింది మనం. నకిరేకల్ దగ్గర నిమ్మతోట ఉన్న రైతు తోట వదిలి అమెరికాలో ఉండిపోతాడా అని మనకు నవ్వు రావచ్చు. గాజు కిటికీ అవతల ఉన్న మనిషికి ఆ నవ్వు వినబడదు. తిరస్కరిస్తే చేతిలో పెట్టే కాగితంలో ఆ సెక్షన్ పేరు తప్ప మన గురించి ప్రత్యేకంగా కారణం ఉండదు, అప్పీలు లేదు, మళ్లీ రుసుము కట్టి మొదటి నుంచి మొదలుపెట్టాలి. హైదరాబాదులో తెలుగులో మాట్లాడవచ్చు, ఆ సౌకర్యానికి మాత్రం నిండు మార్కులు.

వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటు దగ్గర మరో రోజు వెళ్లవలసి వస్తుంది కాబట్టి, నల్లగొండ నుంచి బయలుదేరే వృద్ధ దంపతులకు కారు కిరాయి, హైదరాబాదులో బస ఖర్చు అదనం. 79 ఏళ్లు దాటినవారికి ఇదివరకు ఇంటర్వ్యూ మినహాయింపు ఉండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి దానిని తీసేశారు. ఎనభై ఏళ్ల ముసలమ్మను చక్రాల కుర్చీలో తీసుకెళ్లి ప్రశ్నలు అడిగించడం వల్ల ఆ దేశానికి ఏ భద్రత పెరిగిందో ఆలోచించవలసినది వారే. 2025 జూలై 4న సంతకమైన చట్టంలో 250 డాలర్ల అదనపు రుసుము కూడా పెట్టారు. అది వసూలైతే వీసా ఖర్చు ఒక్కసారిగా రెట్టింపు దాటుతుంది.

శాశ్వత నివాసం విషయంలో అమెరికా చట్టం చదవడానికి అన్ని దేశాలకన్నా ఉదారంగా ఉంటుంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన పౌరుడు తల్లిదండ్రులను పిలిస్తే వార్షిక పరిమితి లేదు, ప్రభుత్వ రుసుములన్నీ కలిపినా మనిషికి సుమారు 1,300 డాలర్లు, పిల్లలు ఎందరు ఎక్కడున్నారన్న ప్రశ్న లేదు. ఆస్ట్రేలియా వసూలు చేసేదానితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. ఇబ్బంది ఆ 'పౌరుడు' అన్న అర్హత దగ్గరే ఉంది. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులలో ఒక్కొక్క దేశానికి ఏడు శాతం పరిమితి ఉన్నందువల్ల, హెచ్1బి ఉద్యోగ వీసా మీద వెళ్లిన మన పిల్లలు దశాబ్దాల వరుసలో ఉన్నారు. వారికి కార్డు వచ్చి, మరో అయిదేళ్లకు పౌరసత్వం వచ్చేనాటికి పిలవడానికి తల్లిదండ్రులు ఉండాలి. తల్లిదండ్రుల వరుసను తీసేసి ఆ ఆలస్యాన్ని కొడుకు వరుసలో దాచిపెట్టారు, అంతే తేడా. ఒకవేళ కార్డు చేతికి వచ్చినా, ఏడాదిలో ఎక్కువ కాలం ఊళ్లో గడిపితే అది నిలవదు. అరవై అయిదు దాటినవారు కూడా అక్కడి ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికేర్ కొనుక్కోవాలంటే అయిదేళ్ల నివాసం నిండాలి. మా ఈడువారిలో కార్డు తెచ్చుకుని, ఊరిమీద బెంగతో తిరిగి ఇచ్చివేసినవారు కూడా ఉన్నారు.

ఇక వీటన్నిటినీ మన చేతికి అందించే స్థానిక కన్సల్టెన్సీల సంగతి. ప్రభుత్వాలు తీసుకునే రుసుము కన్నా వీటికి కట్టేది ఎక్కువైన సందర్భాలు చూశాను. అమెరికా సందర్శకుల ఫారం నింపుకోవడానికి ప్రభుత్వం విడిగా ఏమీ తీసుకోదు. మా బంధువు ఒకాయన వెళ్లిన చోట మాత్రం ఫైలు ఛార్జీ, స్లాటు ఛార్జీ, ఇంటర్వ్యూ శిక్షణ అని మూడు పద్దులు వేసి, వీసా రుసుముకు రెండింతలు తీసుకున్నారు. కౌంటరులోని అమ్మాయి, "అంకుల్, మీరేం టెన్షన్ పడకుండ్రి, మా దగ్గర గ్యారంటీ" అన్నదట. ఏ దేశపు వీసాకూ ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఆ మాట వినబడిన చోట నుంచి లేచి రావడం మేలు. శిక్షణ పేరుతో ఒకే జవాబును అందరితో వల్లె వేయించడం వల్ల, వరుసగా వచ్చిన పదిమంది రైతులు ఒకే వాక్యం ఒకే తీరున చెప్పి అధికారికి అనుమానం తెప్పిస్తున్నారు. బ్యాంకు ఖాతాలో నాలుగు రోజుల కోసం అప్పు డబ్బు వేయించి నిల్వ చూపించే పద్ధతి ఇంకా ప్రమాదకరం. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మన రైతుకు ఐటీ రిటర్న్ ఉండకపోవడం సహజం. పట్టాదారు పాసుపుస్తకం, ధాన్యం లేదా పత్తి అమ్మిన చీటీలు, ఆ డబ్బు బ్యాంకులో పడిన తేదీలు ఒక వరుసలో పెడితే చాలినంత సాక్ష్యం. అప్పు తెచ్చిన అయిదు లక్షల కన్నా ఏళ్లుగా సీజను సీజనుకూ పడిన సొమ్మే గట్టి రుజువు.

మా పట్టణంలోనే జిరాక్స్ దుకాణం నడుపుకునే ఒక కుర్రవాడు చేసిన పని నాకు బాగా నచ్చింది. అతడు ఫారం నింపే ముందు ఆధార్, పాన్, పాస్‌పోర్టు, కొడుకు పదో తరగతి మెమో నాలుగూ బల్ల మీద పరిచి పేర్లు సరిపోల్చాడు. తండ్రి పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట పొడి అక్షరంతో, మరొకచోట చివర 'రెడ్డి' లేకుండా ఉంటే బంధుత్వం నిరూపించడం దగ్గర ఫైలు ఆగిపోతుంది. మన పెద్దవారిలో సగం మందికి పుట్టినతేదీ జనవరి 1 లేదా జూలై 1గా ఉండటం, పెళ్లి నమోదు పత్రం అసలే లేకపోవడం మామూలు. పాస్‌పోర్టు కోసం హైదరాబాదు దాకా పోకుండా నల్లగొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసులలోనే కేంద్రాలు వచ్చాయి కాబట్టి, ఈ సవరణలు వీసా ఆలోచనకు ముందే చేయించుకోవచ్చు. ఆ కుర్రవాడు ఇంత పని చేసి తీసుకున్నది కొన్ని వందల రూపాయలు, రాసి ఇచ్చిన రశీదుతో సహా.

ఇంతసేపూ ఇంజినీర్ల, డాక్టర్ల తల్లిదండ్రుల గురించే రాశాను. మన దక్షిణ తెలంగాణ నుంచి గల్ఫ్‌కు పోయిన మేస్త్రీలు, డ్రైవర్లు, కూలీలు కూడా వలస వెళ్లినవారే. సౌదీలో ఉద్యోగుల మీద ఆధారపడినవారికి విధించే నెలసరి రుసుము 2017లో 100 రియాళ్లతో మొదలై 2020 నాటికి మనిషికి 400 రియాళ్లకు చేరింది. తల్లినీ తండ్రినీ పెట్టుకోవాలంటే నెలకు 800 రియాళ్లు ఆ పద్దుకే పోతాయి. నిజానికి అంతదాకా రానే రాదు. కూలి పనుల ఇకామా, అంటే నివాస అనుమతి, మీద ఉన్నవారికి కుటుంబాన్ని తమ దగ్గర ఉంచుకునే అర్హత సాధారణంగా ఇవ్వరు. పాలమూరు వైపు నుంచి వెళ్లిన డ్రైవరు ఒకరు సెలవు మీద వచ్చినప్పుడు తల్లిని ఒక్కసారి మక్కాకు కాదు, తానుండే గదికి తీసుకెళ్లి చూపించాలని ఉందని, దానికి ఏ ఫారం వేయాలని నన్ను అడిగాడు. ఆ ఫారం పేరు నేను చెప్పలేకపోయాను. ధర అడిగే హక్కు కూడా లేని ఆ వీసాకు ఈ సమీక్షలో మార్కులు వేయలేదు.